గోడ అవతల ఆరు టైర్లు

ఉదయం ఐదూ ఇరవైకి గోడ అవతల మా తమ్ముడు టైర్లు కొట్టేవాడు. కోపంతో కాదు, పరీక్ష కోసం. చేతిలో మూరెడు తుమ్మకర్ర ఉండేది. ముందు టైర్లకు ఒక్కో దెబ్బ, తర్వాత వెనక కుడివైపు రెండింటికి, ఎడమవైపు రెండింటికి. గాలి నిండా ఉన్న టైరు కర్రను వెనక్కి తన్నుతుంది, గట్టిగా మోగుతుంది. గాలి తగ్గినది మెత్తగా దబ్బుమంటుంది. వెనక ఒక్కో పక్క రెండేసి టైర్లున్న బండికి ఈ పరీక్ష తప్పదు. లోపలి టైరులో గాలి పోయినా బయటిది బరువంతా తానే మోస్తూ నిలబడుతుంది కాబట్టి చూడటానికి అంతా బాగానే కనిపిస్తుంది. కొట్టి వింటే తప్ప తెలియదు.

ఆరు దెబ్బలు. మంచం మీద పడుకుని లెక్కపెట్టేవాణ్ణి. ఆరోది అయ్యాక మళ్ళీ నిద్ర పట్టేది కాదు. "తెల్లారకముందే వీడికి ఈ భజన ఏంది" అని మా ఆవిడతో అనేవాణ్ణి.

"మీరే పోయి మరిదిని అడగరాదా" అనేది ఆవిడ. అడగటం అనే పని మా ఇంట్లో ఎంత కష్టమో తెలిసే అనేది.

ఆ బండి షోరూము నుంచి నాలుగు టైర్లతోనే వచ్చింది. ఆరు కావడానికి కారణం నేను అన్న ఒక్క మాట. ఆ మాటను నేను మంచితనం అనుకున్నాను.

మా నాన్న పోయిన ఏడాదికి పెద్దమనుషులు కూర్చుని మా పంపకాలు చేశారు. మా తాత కృష్ణా నది దిగువ ఊళ్ళ నుంచి వచ్చి జూలూరుపాడు దగ్గర నల్లరేగడి కొన్నాడు. మూడు తరాలైనా ఊళ్ళో మమ్మల్ని నిన్న దిగినవాళ్ళలాగే చూస్తారు. పంపకాలు చేయాల్సి వచ్చినప్పుడు మాత్రం అందరూ మా సొంతవాళ్ళే. పొలం, ఇల్లు సగం చేయడం పొద్దెక్కేలోపు అయిపోయింది. మిగిలినవి వస్తువులు. ఒకవైపు ట్రాక్టరు. ఇంకోవైపు మొక్కజొన్న కంకులు పోస్తే గింజలు రాల్చే మిషను, దానితోపాటు ఒక పికప్ బండి. రెండు కుప్పల ఖరీదూ సమానమని తేల్చారు. చీటీలు రాసి, మడిచి, చెంబులో వేసి కదిపారు. ట్రాక్టరు నాకు వచ్చింది. మిషను, పికప్ మా తమ్ముడికి వచ్చాయి.

తూకంలో తప్పేమీ లేదు. ఆ మిషనుకు కింద చక్రాలున్నాయి, గింజ రాల్చడానికి సొంత ఇంజనుంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదలాలంటే మాత్రం ముందు ఎవరో లాగాలి. పదిహేనేళ్ళుగా దాన్ని లాగింది ఆ ట్రాక్టరే. ఆ రెండింటినీ విడదీస్తే ఒకటి కదలదని, ఇంకోదానికి పని ఉండదని ఏడుగురు పెద్దమనుషుల్లో ఎవరికీ తట్టలేదు. మాకు తట్టింది. చీటీలు చెంబులో పడ్డాక నోరెత్తితే పేచీ పెట్టినట్టు ఉంటుందని ఇద్దరమూ మర్యాదగా ఊరుకున్నాం.

నేను కొత్తగూడెంలో జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాను. నా పొలం కౌలుకిచ్చాను, కౌలుదారుకు సొంత ట్రాక్టరుంది. నాకు వచ్చిన ట్రాక్టరుతో నాకున్న పని ఆదివారం ఆదివారం దుమ్ము దులపడమే. దాన్ని పదిహేనేళ్ళు తోలింది వాడు. అందుకే అందరి ముందూ అన్నాను: "ఏముందిరా, కావాల్సినప్పుడు అడుగు, తీస్కపో."

"అన్నంటే గిట్లుండాలె" అన్నారు పెద్దమనుషుల్లో ఒకరు. మిగిలినవాళ్ళు తలలూపారు. నాకూ ఆ మాట బాగానే ఉందనిపించింది. మా తమ్ముడు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. ఆ సాయంత్రం మా ఆవిడతో అన్నాడట: "పదిహేనేండ్లు నేను తోలిన ట్రాక్టరు వదినా. ఇప్పుడు దానికోసం నేను అడగాల్నా?"

మా మధ్య తగాదా అంటే అంతే. వాడు అడగాలి, నేను ఇవ్వాలి. అడక్కుండానే ఇవ్వొచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. ఇచ్చేశాననే నేను అనుకున్నాను.

మొదటి సీజను వాడు కిరాయి ట్రాక్టర్ల వెంట తిరిగాడు. మక్కలు, అంటే మొక్కజొన్నలు, పట్టే రోజుల్లో ఏ ట్రాక్టరూ ఖాళీగా ఉండదు. ఎవరి దగ్గరికి పోయినా ఒకటే మాట: "మీ అన్నది షెడ్డులనే ఉన్నది గదా." ఒకరి మాటలు ఒకరికి మా ఆవిడే చేరవేసేది. మా ఇద్దరికీ ఆవిడే పోస్టాఫీసు. ఉత్తరాలు చదివి, కొన్నిటిని చించేసి, మిగిలినవి ఇచ్చే పోస్టాఫీసు.

మరుసటేడు మిషనును పికప్‌కే తగిలించి చూశాడు. పాల్వంచ దాటాక దిగుడులో వెనకనున్న మిషను బండిని తోసుకుపోయిందట. బండి వెనకభాగం తోకలా అటూ ఇటూ ఊగిందట. "స్టీరింగు నా చేతిల ఉన్నది గని, తోలింది మాత్రం మిషనే వదినా" అని ఇంటికొచ్చి నవ్వాడట. నవ్వాక రెండు చెంబుల నీళ్ళు తాగాడని కూడా ఆవిడ చెప్పింది.

అప్పుడు పుట్టింది జోడీ టైర్ల ఆలోచన. వెనక ఒక్కో పక్క రెండేసి టైర్లుంటే బండి నేలను గట్టిగా పట్టుకుంటుంది, ఊగదు, ఎంత బరువైనా లాగుతుంది. "డబుల్ టైర్లు ఏపిస్త. ఇగ ఎవని ట్రాక్టరు అక్కర్లేదు" అని పెరట్లో నిలబడి అన్నాడు. వాడి భార్య, మా మరదలితో అన్నాడు కానీ గోడ ఇవతలికి వినబడేంత గట్టిగా అన్నాడు.

పని కొత్తగూడెంలో ఒక షెడ్డులో పదకొండు రోజులు జరిగింది. మెకానిక్‌ను అందరూ భాయ్ అంటారు. ఆ షెడ్డు నా కాలేజీ నుంచి బస్టాండుకు వచ్చే దారిలోనే ఉంది. ఎదురుగా టీ కొట్టు ఉంది. ఆ పదకొండు రోజులూ నేను అవసరానికి మించి టీ తాగాను. మా తమ్ముడు బండి కింద పడుకుని ఉండేవాడు, కాళ్ళు మాత్రం బయటికి కనిపించేవి. చెప్పుల్ని బట్టి అది వాడని తెలిసేది. రోడ్డు అవతల కూర్చున్నది నేనని వాడికీ తెలుసు. ఐదోరోజు టీ కొట్టతను నా డబ్బులు తీసుకోలేదు. "తమ్ముడు ఇచ్చిండు సార్" అన్నాడు. మరుసటి రోజు నేను వాడి టీకి ఇచ్చాను. ఇలా కొన్నాళ్ళు ఒకరికొకరం టీ తాగించుకున్నాం, రోడ్డుకు చెరొక పక్క నుంచి.

విరిగిపోయిన ఒక చిన్న లారీ వెనక ఇరుసును, బ్రేకు డ్రమ్ములతో సహా, పాత సామాన్ల కొట్టు నుంచి తెచ్చారు. పికప్ ఇరుసును విప్పి దీన్ని బిగించారు. బరువు మోసే కమాను పట్టీలు రెండేసి పెంచారు. బ్రేకు పైపులు పొడిగించారు. బయటికి పొడుచుకొచ్చిన టైర్ల మీద రేకుతో రెక్కలు చేసి వెల్డింగు పెట్టారు. లారీ ఇరుసుతోపాటు దాని పళ్ళచక్రాలు కూడా వచ్చాయి. అవి బరువు లాగడానికి చేసినవి, పరుగెత్తడానికి కాదు. పని పూర్తయ్యేసరికి బండికి బలం వచ్చింది, వేగం పోయింది. ఖాళీగా ఉన్నా అరవై దాటదు. మిషను తగిలిస్తే ముప్పై. "ఇంత చేసి వాడు తయారు చేసింది ట్రాక్టరునే" అని మా ఆవిడతో అన్నాను. మంచి మాటన్నాననుకున్నాను. ఆవిడ నవ్వలేదు.

ఒక్క పని మాత్రం వాడు సగంలో ఆపించాడని నాకు అనిపించింది. మిషను ముందుభాగాన పొడవాటి ఇనప దూలం ఉంటుంది. దాని చివర ట్రాక్టరు పిన్నులో పట్టే రింగు ఉంటుంది. ఆ రింగును కోసేసి, పికప్‌కు సరిపడే హుక్కు వెల్డింగు చేయిస్తే పని పక్కాగా ఉండేది. వాడు కొయ్యనివ్వలేదు. రింగును అలాగే ఉంచి, దాని ముందు నాలుగు బోల్టులతో బిగించుకునే విడి ముక్క ఒకటి చేయించాడు. బోల్టులు ఎంత బిగించినా ఆ ముక్క కదులుతూనే ఉండేది. మిషను తగిలించి బయలుదేరితే లొడలొడమని ఊరి చివరి మలుపు దాకా వినిపించేది. పని సగంలో వదలడం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటేనని నాకు నేను చెప్పుకున్నాను.

బండి ఇంటికొచ్చిన రోజు మరదలు కొబ్బరికాయ, కుంకుమ, టైర్ల కింద పెట్టడానికి నిమ్మకాయలు సిద్ధం చేసింది. ఎప్పుడూ నాలుగు తెచ్చేది, ఈసారి ఆరు తెచ్చింది. వాటిని గేటు దగ్గర వరుసగా పేర్చింది. ఇక్కడ గేటు సంగతి చెప్పాలి. పంపకాల్లో పాత పెద్ద గేటు నా వైపు వచ్చింది. వాడు తన వైపు గోడ పగలగొట్టి, రెండు స్తంభాలు కట్టి, పికప్ పట్టేంత కొత్త గేటు పెట్టుకున్నాడు. సరిగ్గా పికప్ పట్టేంత. అంటే, నాలుగు టైర్ల పికప్ పట్టేంత.

బండి ముందు సగం లోపలికి వెళ్ళింది. రెండు నిమ్మకాయలు నలిగాయి. వెనక సగం స్తంభాల దగ్గర ఆగిపోయింది. నాలుగు నిమ్మకాయలు అలాగే ఉన్నాయి.

ఎదురింటి ముసలాయన అరుగు మీద నుంచి చూస్తున్నాడు. "టైర్లు పెంచినవు గని గేటు పెంచకపోతివి అల్లుడా" అన్నాడు.

"రేపు పెంచుత మామా."

"ఎటు పెంచుతవు? ఇటు చూస్తే నీ బాత్రూము, అటు చూస్తే మీ అన్న గోడ."

వాడు బండిని వెనక్కి తీసి రోడ్డు మీద పెట్టాడు. మరదలు మిగిలిన నిమ్మకాయలు ఏరుకుని లోపలికి వెళ్ళింది. నేను మా కిటికీ దగ్గర నిలబడి ఇదంతా చూశాను. నా గేటులో రెండు బండ్లు పక్కపక్కనే పడతాయి.

ఆ రాత్రి పడుకునే ముందు నా గేటు బార్లా తీసిపెట్టాను. నోటితో ఏమీ అనకుండా చేయగలిగింది అదేనని తోచింది. తెల్లారి చూస్తే బండి రోడ్డు మీదే ఉంది. నా గేటు వేసి ఉంది, గొలుసు కూడా తగిలించి ఉంది. మళ్ళీ తీసిపెట్టాను. మళ్ళీ వేసి ఉంది. వారం తర్వాత వాడు మా ఆవిడతో అన్నాడు: "వదినా, అన్నకు జెర యాది చెయ్యి. రోజూ గేటు ఎయ్యడం మర్చిపోతున్నడు. పసులు వచ్చి చెట్లన్ని తింటయ్."

ఆ తర్వాత నేనే వేసుకున్నాను.

దసరా దాటాక వాడు మిషను తీసుకుని ములకలపల్లి అవతలి ఊళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టాడు. అక్కడ పోడు చేలల్లో వానాకాలం మక్కలు అప్పుడే ఇళ్ళకు చేరతాయి. అంత లోపలికి మిషన్లు రావు. కంకులు కుప్పపోసి కర్రలతో కొట్టుకోవాల్సిందే. జోడీ టైర్లు తారురోడ్డు మీద బాగానే ఉన్నాయి. అడవి బాటలో మాత్రం తిప్పలు పెట్టాయి. అక్కడ బాట అంటే ఒంటి టైర్ల బండ్లు తిరిగి తిరిగి చేసిన రెండు గాడులు. లోపలి టైరు గాడిలో దిగితే బయటిది గట్టు మీద నడుస్తుంది. రెండింటి మధ్యా రాళ్ళు ఇరుక్కుంటాయి. వాటిని చూసి తీయకపోతే టైరును కోసేస్తాయి. అందుకే రోడ్డు మీద నిలబెట్టిన బండికి ఆ ఐదూ ఇరవై పరీక్ష. ముందు టైర్లు కొట్టడం, తర్వాత చిన్న గునపంతో రాళ్ళు తీయడం, తర్వాత లొడలొడ. ఆ ఊళ్ళ పిల్లలు దానికి లొడలొడ బండి అని పేరు పెట్టారట. చప్పుడు విని ఆడవాళ్ళు కంకులు వాకిట్లోకి తెచ్చి పోసేవాళ్ళట. ఇవన్నీ మా పోస్టాఫీసు ద్వారా నాకు తెలిసిన సంగతులు.

నవంబరులో ఒక ఆదివారం పొద్దున్నే మరదలు మా గేటు దగ్గరికి వచ్చింది. పంపకాలయ్యాక ఆమె గేటు దాటి లోపలికి రావడం మానేసింది.

"బావగారూ, ములకలపల్లి అవతల బండి ఆగిపోయిందంట. లోపలి టైరు పగిలింది తెల్వలేదంట, తర్వాత బయటిది గూడ పగిలిందంట. చక్రం బోల్టులు తెగినయంట. మీకు చెప్పొద్దన్నడు."

"చెప్పొద్దంటే మరి ఎందుకు చెప్పినవమ్మా?"

"చెప్పొద్దని మూడుసార్లన్నడు బావగారూ. చెప్పమని కాకపోతే మూడుసార్లెందుకంటడు?"

ట్రాక్టరు మీద కప్పిన పట్టా తీశాను. బ్యాటరీ సగం చచ్చి ఉంది. స్టార్టవడానికి అరగంట పట్టింది. కొత్తగూడెం మీదుగా పోతుంటే నా విద్యార్థులు ఇద్దరు బైకు ఆపి చూశారు. "సార్, ఏడికి?" అని ఒకరు అడిగారు. "ఊరికే" అన్నాను. అరవై కిలోమీటర్ల దూరం, నాలుగు గంటలు పట్టింది.

వాడు రోడ్డు పక్కన ఇప్పచెట్టు కింద స్టెప్నీ టైరు మీద కూర్చుని ఉన్నాడు. ఆరు టైర్ల బండికి స్టెప్నీ ఒకటే. బిగించడానికి బోల్టులు లేవు కాబట్టి అది కూర్చోవడానికే పనికొచ్చింది. నన్ను చూసి లేవలేదు.

"ఎవరు పిలిచిండ్రు నిన్ను?"

"ఎవరూ పిలవలే. ఇట్ల పోతున్న."

"ఎటు?"

మేమున్న చోటుకు ముందు తారురోడ్డు అయిపోతుంది. ఆ తర్వాత అంతా అడవే.

"ఇట్లనే" అన్నాను.

వాడు నవ్వలేదు. లేచి ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగాడు. తుమ్మకర్రతో ముందు టైరును కొట్టి చెవి పెట్టాడు. "గాలి తక్కువున్నది. గిట్లనే తోల్కొచ్చినవా అంత దూరం? పిల్లలకు పాఠాలెట్ల చెప్తవో ఏమో" అన్నాడు. రెండేళ్ళలో వాడు నాతో నేరుగా అన్న పొడవైన మాట అదే.

తర్వాత పానా తీసి మిషను ముందున్న ముక్కకు నాలుగు బోల్టులు విప్పాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ముక్క ఊడి చేతికొచ్చింది. దాని వెనకనున్న పాత రింగు ట్రాక్టరు పిన్నులో ఎప్పుడూ పట్టినట్టే పట్టింది. వాడు నన్ను పక్కకు జరగమని చెయ్యూపి ట్రాక్టరు ఎక్కి కూర్చున్నాడు. అడగలేదు. నేను రెక్క మీద కూర్చున్నాను. ఊళ్ళోకి వెళ్ళేదాకా ఎక్కడా ఆ లొడలొడ లేదు.

కంకుల కుప్ప దగ్గర ఒక ముసలామె మమ్మల్ని ఎగాదిగా చూసింది. లోపలున్నవాళ్ళతో వాళ్ళ భాషలో ఏదో అని, తెలుగులోకి మారింది. "రోజూ సప్పుడైతే వచ్చినవని తెలిసేది. ఇయ్యాల దొంగలెక్క వచ్చినవేంది?"

"బండి కరాబైంది అవ్వా."

"ఈయనెవరు?"

"మా అన్న."

"నీకు అన్న ఉన్నడా? ఎన్నడు చెప్పలే."

"ఉన్నడు" అన్నాడు. "ట్రాక్టర్ గూడ ఉన్నది."

ఆ మధ్యాహ్నం, మర్నాడు కూడా నేను గంపలతో కంకులు అందించాను, వాడు మిషనులో పోశాడు. ఇంజను హోరులో మాట్లాడుకోవాల్సిన అవసరం రాలేదు. మాకు అది బాగా కలిసొచ్చింది. సోమవారం భాయ్ బైకు మీద బోల్టులు తెచ్చి, పక్కకు ఒక్కో టైరే బిగించి, ఇల్లు చేరేదాకా దీనితో ఏమీ లాగొద్దన్నాడు. తిరుగు ప్రయాణంలో వాడు ట్రాక్టరుకు మిషను తగిలించుకుని ముందు వెళ్ళాడు. నేను పికప్ తోలుకుంటూ వెనక వచ్చాను. దేన్నయినా లాగడానికని ఆరు టైర్లు వేయించిన బండి, నాలుగు టైర్లతో, ఖాళీగా, ట్రాక్టరు వెనక నడిచింది.

ఊళ్ళోకి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. ట్రాక్టరు అలవాటు ప్రకారం నా గేటులోకి తిరిగింది. ఒంటి టైర్లతో పికప్ వాడి గేటులో పడుతుందని నాకు తెలుసు. నా గేటులోకే తిప్పాను. వాడు ట్రాక్టరు దిగి చూశాడు. వెళ్ళేటప్పుడు గేటు తనే వేసి, గొలుసు తగిలించాడు.

వారంలో బయటి టైర్లు మళ్ళీ వచ్చాయి, వాటిని నా వాకిట్లోనే బిగించాడు. అప్పటి నుంచి ఐదూ ఇరవై దెబ్బలు గోడ అవతల నుంచి కాక మా కిటికీ కింద నుంచే వినిపించేవి. మిషను నా షెడ్డులోనే ట్రాక్టరు వెనక ఉండిపోయింది. ఆ చలికాలం వాడు పికప్‌లో మిర్చి బస్తాలు ఖమ్మం మార్కెట్టుకు వేసేవాడు. మిషనుతో ఇక పని ఏప్రిల్‌లో, యాసంగి మక్కలకే. అప్పుడు అడుగుతాడు, లేదా ములకలపల్లిలో లాగే అడక్కుండా ఎక్కి కూర్చుంటాడు అనుకున్నాను. తీసుకుపోరా అని నేను ముందే అనవచ్చు. నాలుగు నెలలున్నాయిగా అనుకున్నాను, తర్వాత మూడు, తర్వాత రెండు. వాడు నాలుగు బోల్టుల ముక్కకు నూనె రాసి గోడకు తగిలించి పెట్టాడు. దాన్ని చూసినప్పుడల్లా, మళ్ళీ పికప్‌కే తగిలిస్తాడు కాబోలు, పంతం పోలేదు అనుకునేవాణ్ణి.

ఫిబ్రవరిలో ఒక రోజు నాలుగు దెబ్బలు వినిపించాయి. ఐదోది రాలేదు. రాయి కనబడి ఉంటుంది, గునపంతో తీస్తున్నాడు అనుకుని పక్కకు తిరిగి పడుకున్నాను. ఎంతసేపని తర్వాత చాలామంది అడిగారు. ఐదు నిమిషాలో, పదో. పాల కోసం తలుపు తీసిన మా ఆవిడ కేక వేసింది. వాడు వెనక ఎడమ చక్రం పక్కన పడి ఉన్నాడు. కొత్తగూడెం దవాఖానాకు తీసుకెళ్ళాం. గుండె అన్నారు. ముందు తెచ్చినా చేసేదేమీ ఉండేది కాదని డాక్టరు అన్నాడు. డాక్టర్లు ఆ మాట అందరికీ చెబుతారు. వాడి వయసు నలభై ఆరు.

ఆ ఏడుగురు పెద్దమనుషులూ వచ్చారు. ఒకే వాకిట్లో ట్రాక్టరు, మిషను, పికప్ పక్కపక్కనే ఉండటం చూశారు. "అన్నదమ్ములంటే గిట్లుండాలె" అన్నారు ఒకరు. "మనం చేసిన పంపకం ఎంత పక్కాగున్నదో చూడు, ఒక్క తగాదా లేదు" అన్నారు ఇంకొకరు. నేను వాళ్ళకు టీ ఇప్పించాను.

పెద్దకర్మ అయిన నెలకు బండిని మరదలి పేరుకు మార్చడానికి కాగితాలు తీశాం. కాగితాల్లో బండికి నాలుగు టైర్లు. వాకిట్లో ఆరు. అలా ఉంటే పేరు మారదు. పాత ఇరుసు భాయ్ షెడ్డులో ఒక మూల ఉంది. బండి తీసుకెళ్ళి మళ్ళీ మామూలుగా చేయమన్నాను.

భాయ్ కాసేపు బండి చుట్టూ తిరిగాడు. "పదకొండు రోజులు తిండి గూడ సరిగ తినలే సార్ తమ్ముడు, దీనికోసం. తీసేయమంటవా?"

"తీసేయాలి భాయ్. కాగితాల్లో లేదు."

పని రెండు రోజుల్లో అయిపోయింది. విప్పడానికి అంత సమయం పట్టదు. గోడకు తగిలించి ఉన్న నాలుగు బోల్టుల ముక్కను కూడా తెచ్చి అతనికిచ్చేశాను, పాత ఇనుములో వేసుకొమ్మని. అతను దాన్ని తిప్పి చూసి నవ్వాడు.

"దీనికోసం నాతోని లడాయి చేసిండు సార్. నేనన్న, రింగు కోసేసి సీదా వెల్డింగు పెడత, పక్కాగుంటది, సప్పుడు రాదు అని. వద్దన్నడు. కొయ్యొద్దు భాయ్, మళ్ల మా అన్న ట్రాక్టరుకు తగిలియ్యాలె గద అన్నడు. ఎప్పుడు తగిలిస్తవ్ అని అడిగిన. మా అన్న ఎదురుంగనే టీ తాగుతున్నడు, ఎప్పుడో ఒకనాడు రోడ్డు దాటి ఇటు రాకపోతడా అన్నడు."

ఎదురుగా ఆ టీ కొట్టు అలాగే ఉంది. ముక్కను తిరిగి తీసుకుని బండిలో పెట్టాను. అది ఇప్పుడు నా పుస్తకాల బీరువా పక్కన ఉంది. దాంతో నాకు పనేమీ లేదు. బరువుంటుంది కాబట్టి ఊడ్చేటప్పుడు జరపడం కష్టమని మా ఆవిడ అంటుంది.

ఏప్రిల్‌లో ట్రాక్టరు తాళాలు మరదలికిచ్చాను. ఆమె అడగలేదు. ఇప్పుడు ఆమె కుదుర్చుకున్న డ్రైవరు ఆ ట్రాక్టరుకు మిషను తగిలించుకుని ఊళ్ళు తిరుగుతాడు. ఎక్కడా చప్పుడు రాదు. ములకలపల్లి అవతలి ఊళ్ళకు ముందే ఫోను చేసి చెప్పుకోవాల్సి వస్తోందట.

పికప్ నాలుగు టైర్లతో నా వాకిట్లోనే ఉంటుంది. వాడి గేటులో బాగానే పడుతుంది, కానీ మరదలు అటు మార్చలేదు, నేనూ అనలేదు. గాలి తగ్గితే ఇప్పుడు చూడగానే తెలుస్తుంది. ఐదూ ఇరవైకి దాని టైర్లను ఎవరూ కొట్టి చూడరు.